పల్నాటి కరువు మృతులు, సంఘ రిజిస్టర్లు: పూర్వికుల అన్వేషణకు ఒక పరిచయము

కారంపూడిలో ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్యతో వీరుల ఉత్సవాలు ఆరంభమవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు జరిగే ఈ ఉత్సవానికి వీరాచారవంతులు తమ పూర్వికుల ఆయుధాలతో దూరప్రాంతాలనుండి వస్తారు. పన్నెండవ శతాబ్దపు యుద్ధంలో పడినవారి పేర్లు ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. పల్నాటి ప్రాంతంలోనే 1832-33లోను, 1876-78లోను ఆకలితో చనిపోయినవారి పేర్లు అడిగితే మాత్రం చెప్పగలవారు దొరకరు. మన సంఘాలలోని కుటుంబాలు ఆ కరువులను దాటి మిగిలినవారి సంతతి. వారి జాడ ఎక్కడ వెదకాలి అనేదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయము.

మొదటిది నందన కరువు. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనంలో 2 లక్షలమంది మరణించారని అంచనా. ఆ కాలానికి సంబంధించి మన చేతిలో సంఘ రిజిస్టరు ఏదీ లేదు. ఉండే అవకాశం కూడా లేదు. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరినది 1842లో. పల్నాడుకు వచ్చి గురజాలలో నివసించినది 1849లో. కనుక నందన కరువు మృతులకు కుటుంబాల నోటిమాట తప్ప వేరే సాక్ష్యం దాదాపు లేదు.

రెండవది ధాత కరువు. దీనిని అర్థం చేసుకోవడానికి ఒకసారి వేల్సు దేశం వైపు చూడవలసి ఉంది. ఇంగ్లండు, వేల్సులలో 1834 బీదల చట్టం ప్రకారం సహాయం కావలసిన నిరుపేదను వర్క్‌హౌసు అనే పనిశాలలోనికి రమ్మనేవారు. అక్కడ భర్తను, భార్యను, పిల్లలను వేరు చేసి ఉంచేవారు. నిజంగా గతిలేనివాడే అటువంటి చోటికి వస్తాడనేది పాలకుల లెక్క. ఆ వ్యవస్థ కఠినమైనదే గాని లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, వయస్సు, స్వగ్రామం పుస్తకంలో రాసేవారు. 1869 తరువాత మతాన్ని కూడా వేరే పుస్తకంలో నమోదు చేశారు. అందుచేత నేడు ఒక వేల్సు కుటుంబం తమ ముత్తవ్వ ఏ పనిశాలలో పుట్టిందో, ఏ తేదీన చనిపోయిందో చాలా సందర్భాలలో కనుగొనగలదు. ఆఫ్రికా యాత్రికుడు స్టాన్లీ అసలు పేరు జాన్ రోలండ్స్. 1841లో డెన్బీలో పుట్టి, 1847 నుండి 1856 వరకు సెయింట్ ఆసఫ్ పనిశాలలో పెరిగాడు. తరువాత అమెరికాలో పేరు మార్చుకున్నా డెన్బీలోని బాప్తిస్మపు రిజిస్టరు అతని పుట్టుకను దాచలేదు.

బీదల చట్టం వెనుక ఉన్న ఆ లెక్కే 1877లో మద్రాసు రాజధానికి వచ్చింది. పని చేయగలవారికి రాళ్లు కొట్టే పని, కాలువ పని, చేయలేనివారికి శిబిరాలు. రిచర్డ్ టెంపుల్ కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, దానితోపాటు కొద్దిపాటి పైకానికి తగ్గించాడు. పని చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ తరువాత వచ్చిన కరువు నిబంధనలలో పూర్‌హౌసు అనే మాటే చేరింది. చట్టం వెనుక ఉన్న అనుమానం ఓడ ఎక్కి వచ్చింది గాని పేర్లు రాసే అలవాటు అంతగా రాలేదు. ప్రభుత్వ కాగితాలలో మనకు ఎక్కువగా కనబడేవి అంకెలే: ఎంతమందికి పని, ఎంతమందికి గంజి, ఎంతమంది మృతి. జనన మరణాల నమోదుకు మద్రాసు చట్టం వచ్చినది 1899లో. చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర ఆర్కైవ్సుకు వెళ్లే విద్యార్థులు ఒక సంగతి జ్ఞాపకముంచుకోవాలి. 1859 నుండి 1904 వరకు పల్నాడు తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది గనుక, కరువునాటి కాగితాలను గుంటూరు పేరుమీద వెదికితే నిరాశే మిగులుతుంది.

కాబట్టి మన పూర్వికులలో అనేకుల పేర్లు మొదటిసారి కాగితంమీదికి వచ్చినది బాప్తిస్మపు రిజిస్టరులోనే. ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. సహాయం అందించిన నెలలలో ఆయన బాప్తిస్మములు నిలిపివేశాడు; తిండికోసం చేరారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశం. తిరిగి 1878 జూన్‌లో ఆరంభించగా జూలై 3న ఒక్క దినమే వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను మన ప్రసంగాలలో ఎంతో ఉత్సాహంగా చెప్పుకుంటాము. వంశచరిత్ర వెదికేవారు దానిని వేరే విధంగా చదవాలి. నిలిపివేసిన ఆ నెలలలో విశ్వసించి, బాప్తిస్మానికి ముందే కరువుకో కలరాకో బలైనవారు ఏ పుస్తకంలోను ఉండరు. రిజిస్టరులో తండ్రి పేరు ఉండి, ఆ తండ్రికి వేరుగా నమోదు లేకపోతే అతడు విశ్వాసి కాదని తీర్మానించడం తొందరపాటే.

వయస్సుల విషయంలోను జాగ్రత్త అవసరం. ముప్పది, నలుబది అని ఉజ్జాయింపుగా రాసిన అంకెలకంటె ఇంటి పెద్దలు చెప్పే సంవత్సరం పేరు నమ్మదగినది. "ధాతలో పుట్టాడు" అంటే 1876-77, "ఈశ్వరలో" అంటే 1877-78. అయితే ధాత మరల 1936లో వచ్చింది. ఏ ధాతో మనుమల వయస్సులను బట్టి తేల్చుకోవాలి. ఇంటిపేరు లేక ఊరిపేరుతోనే రాసిన నమోదులు, బాప్తిస్మపు పేరు పక్కన పాత పేరు కొట్టివేసిన నమోదులు కూడ ఉంటాయి. కొట్టివేత కింద ఉన్న పోలమ్మ, అంకాలు వంటి పేరే వెనుకటి తరానికి దారి చూపుతుంది. దానిని అన్యుల పేరని విడిచిపెట్టకూడదు.

ఇక బహిరంగంగా మాట్లాడుకోకపోయినా కాపరులందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. బ్రిటనులో 1904 నుండి పనిశాలలో పుట్టిన బిడ్డల జనన పత్రాలలో ఆ మాట లేకుండా మామూలు వీధి చిరునామా రాయడం మొదలుపెట్టారు. బిడ్డకు జీవితాంతం మచ్చ ఉండకూడదని చేసిన పని అది. మన దేశంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఆ హోదా ఇచ్చారు. మనవారిని ఆంధ్రలో బి.సి.-సి గానే లెక్కిస్తారు. అందువల్ల గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. మా బిడ్డ పేరు పుస్తకంలో రాయవద్దు అయ్యగారూ అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. వారిని నిందించడానికి మాకు నోరు రాదు. ఆ భారం చట్టం మోపినది. కాని రాయకుండా విడిచిన ప్రతి వరుస ధాత కరువు శిబిరాలవలె మరొక పేరులేని తరాన్ని మిగులుస్తుంది. మా అభిప్రాయంలో రిజిస్టరు తప్పక రాయాలి, తాళం వేసి ఉంచాలి, కుటుంబం అనుమతి లేనిదే ఎవరికీ చూపకూడదు. పరిశోధక విద్యార్థులకు కూడ ఇదే నియమం వర్తిస్తుంది.

చెదపురుగు ఈ వాదోపవాదాల కొరకు ఆగదు. పాత రిజిస్టర్లు ఉన్న సంఘాలు ముందుగా ప్రతి పుటను ఫోటో తీయించి, ఒక ప్రతిని సెమినరీ గ్రంథాలయంలో భద్రపరచడం మంచిది. కొత్త పుస్తకాలు కుట్టించేటప్పుడు తల్లి పుట్టింటి ఊరికి కూడ ఒక గడి చేర్పించవచ్చు. పాత రిజిస్టర్లలో మేము తరచుగా వెదకి కనుగొనలేనిది అదే.