విజయనగర సంగీత పాఠశాల



రాజులు కట్టించిన కోటలు గొప్పవా, పెట్టించిన పాఠశాలలు గొప్పవా అని ఎవరైన అడిగినచో, విజయనగరము నెరిగినవారు జవాబు చెప్పుటకు తడవు చేయరు. కోట కట్టిన చోటనే యుండును. పాఠశాలలో నేర్చిన విద్య శిష్యుని కంఠమున చేరి ఊరూర తిరుగును. అట్టి విద్యాలయమును 1919వ సంవత్సరమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారు నెలకొల్పిరి. విజయరామ గానపాఠశాల యని దానికి పేరు.

ఆస్థానమునకు చెందిన యొకరి కుమారుడు అంధుడు. ఆ బాలునికి సంగీతము చెప్పింపవలయునను తలంపే దీనికి మూలమని ప్రతీతి. ఒక్క బాలునికైనచో ఒక్క గురువు చాలును. ప్రభువు అంతటితో తృప్తిపడక పాఠశాలనే పెట్టిరి. ఒక్కని కొరకు తెరచిన తలుపు వేలమందికి దారియైనది. అంతకు మున్ను సంగీతము కోరినవాడు గురువుగారి యింట చేరి, పరిచర్య చేయుచు, ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అక్కడ విద్యకు లోటులేదు గాని చోటు కొందరికే.

ప్రథమాధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. వారు 1864లో బొబ్బిలి ప్రాంతమున అజ్జాడ యను పల్లెలో జన్మించిరి. కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, పండితులను పామరులను ఒక్క పందిరిలో కూర్చుండబెట్టిన హరికథా పితామహులు. అట్టివారిని అధ్యక్షులుగా నిలుపుటలోనే పాఠశాల ఆశయము తెలియుచున్నది. విద్య గదిలో నేర్వదగినది, సభలో నిగ్గు తేలదగినది.

ద్వారం వేంకటస్వామి నాయుడుగారు ఇచట శిష్యులుగా చేరవచ్చి, వారి వాద్యము విన్నంతనే ఆచార్యులుగా నియమింపబడిరని చెప్పుదురు. అప్పటికి వారి వయస్సు ఇరువది యారేండ్లు. 1936లో వారే అధ్యక్షులైరి. పాటకు పక్కన వినబడు ఫిడేలును సభలో తానొక్కటియే నిలువగల వాద్యముగా చేసిన ఘనత వారిది.

ఇక ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ వినుడు. కృష్ణా తీరము నుండి చేతిలో ధనము లేక వచ్చిన బాలుడు. సాలూరి చినగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పిరి. అన్నమునకు ఆ బాలుడు జోలె పట్టి యింటింట మధుకరము నెత్తెను. పెట్టిన తల్లుల పేర్లు ఏ శాసనమునను లేవు. అయినను ఆ కంఠము తెలుగునాట మ్రోగిన ప్రతి వేళ, ఆ పిడికెడు అన్నమునకును అందులో భాగము కలదు.

కావున ఈ పాఠశాలను ముగ్గురు నిలిపిరి: ధనమిచ్చిన ప్రభువు, విద్య నిచ్చిన గురువు, అన్నము పెట్టిన గృహస్థు. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయినవి. ప్రభువుల పోషణ చరిత్రలో చేరినది. పాఠశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలయై, 2019లో నూరేండ్లు నిండించుకొన్నది. జీతములు ప్రభుత్వ మీయగలదు. శ్రోతలను మాత్రము ప్రభుత్వము సృష్టింపజాలదు. వినువారు లేని విద్య వాననెరుగని చేనువంటిది.

గ్రామ పెద్దలకు ఇందు పనిలేదనుకొనరాదు. నారాయణదాసుగారిని కన్నది పల్లె. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి వీణలు చేయువారు పల్లెవారే. శ్రీరామనవమి పందిరిలో యంత్రపు కేకలకు బదులు, సంగీతము చదువుకొన్న పిల్లను పిలిచి యొక గడియ పాడించుడు. కంఠమున్న పేదబిడ్డ కనబడినచో విజయనగరము త్రోవ చూపుడు, దారిబత్తెము కట్టియిండు. ఏనుగుల నిచ్చు రాజులు లేరు గాని, మధుకరము పెట్టు చేతులు మన కున్నవి. ఆ చేతులు ముడుచుకొననంత వరకు ఆ పాఠశాలకు కొరత రాదు.