మనం లేనప్పుడు మొక్క దాహం

పండక్కి ఊరెళ్లే ముందు రోజు చాలా ఇళ్లలో వినిపించే మాట: "మరి మొక్కలో?" పాలు వద్దని చెప్పేస్తాం, పేపరు ఆపిస్తాం, గ్యాసు కట్టేస్తాం. కుండీల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాం. పక్కింటావిడకు తాళంచెవి ఇవ్వాలా, వాచ్‌మన్‌కి చెప్పాలా, నిండా నీళ్లు పోసేసి దేవుడి మీద భారం వెయ్యాలా? నేలలో ఉన్న మొక్క వేరు లోతుకు దింపుకుని ఎలాగో గట్టెక్కుతుంది. కుండీలో మొక్కకు ఆ దారి లేదు. దానికున్న భూమల్లా ఆ జానెడు మట్టే. ఎండాకాలం డాబా మీద ఆ మట్టి రెండు మూడు రోజుల్లో బిగుసుకుపోయి అంచుల దగ్గర నెర్రె విడుస్తుంది. తిరిగొచ్చి కంగారుగా చెంబుడు పోస్తే, నీళ్లు ఆ సందులోంచి జారి కింద పళ్లెంలోకి పోతాయి. వేరు దాకా చేరవు.

ఈ బెంగ మనతో మొదలైంది కాదు. దీనికి దొరికిన జవాబుల్లో బాగా పాతది, నా లెక్కలో ఇప్పటికీ అన్నిటికంటే మంచిది, మట్టికుండ.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే అధికారి సేద్యం మీద ఒక పుస్తకం రాశాడు. అసలు ప్రతి పోయింది. 6వ శతాబ్దంలో జియా సిషియే కూర్చిన 'చీమిన్ యావోషు' అనే గ్రంథంలో ఎత్తి రాసుకున్న భాగాల వల్లే అందులోని సంగతులు మనకు దక్కాయి. దోస జాతి తీగలు పెంచే పద్ధతి అందులో ఒకటి. గుంత తీసి, ఎరువు కలిపి, మధ్యలో మట్టికుండను మూతి నేలకు సమంగా ఉండేలా పాతాలి. కుండ నిండా నీళ్లు పోసి, చుట్టూ నాలుగు గింజలు పెట్టి, మూతి మీద పెంకు కప్పాలి. నీళ్లు తగ్గినప్పుడల్లా మళ్లీ నింపాలి. అంతే పద్ధతి. రెండువేల ఏళ్లు దాటినా అందులో మార్చవలసింది నాకేమీ కనబడలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో వేసవిలో కొత్త కుండ కొన్న ఎవరికైనా తెలుసు. కుండ చెమరుస్తుంది. కాలిన మట్టి గోడలో కంటికి కనబడనంత సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి ఆరిపోతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. అదే కుండను మట్టిలో పాతితే ఆ ఊటను చుట్టూ ఉన్న పొడిమట్టి లాక్కుంటుంది. మట్టి తడిసేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, ఊట మందగిస్తుంది. వేళ్లు తాగి మట్టిని మళ్లీ ఆరబెడితే ఊట అందుకుంటుంది. ఎంత కావాలో మట్టి అడుగుతుంది, కుండ అంతే ఇస్తుంది. మన చేతికి ఈ తెలివి లేదు. మొక్క మీద ప్రేమ ఎక్కువై, ఊరెళుతున్నామని రెండు చెంబులు అదనంగా పోసి వేళ్లు కుళ్లబెట్టుకున్న ఇళ్లు ఎన్ని లేవు?

1970లలో హర్యానాలోని కర్నాల్‌లో, కేంద్ర చవుడు నేలల పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఆర్‌.సి. మండల్ ఈ కుండ సేద్యాన్ని మళ్లీ పొలానికి తెచ్చి కూరగాయలు పండించి చూపారు. నేడు పట్టణాల్లో ఇదే కుండ 'ఓయా' పేరుతో అమ్ముడవుతోంది. స్పానిష్‌లో ఆ మాటకు కుండ అనే అర్థం. నాకైతే ఓయా అక్కర్లేకపోయింది. కుమ్మరి దగ్గర కొన్న చిన్న ముంత చాలు. రంగు గానీ మెరుపు పూత గానీ లేని ముంతే కావాలి, పూత పడితే రంధ్రాలు మూసుకుపోతాయి.

నీటిని కొంచెం కొంచెంగా వదలడం మన గుళ్లలోనూ ఉంది. శివలింగం మీద వేలాడే ధారాపాత్ర అడుగున చిన్న బెజ్జం, దాంట్లోంచి బొట్టు బొట్టుగా అభిషేకం. చూడటానికి కుండ సేద్యం లాంటిదే అనిపిస్తుంది గానీ, తేడా ఉంది. ధారాపాత్ర ఎవరూ అడక్కుండానే కారుతూ ఉంటుంది. ఇప్పటి డ్రిప్ గొట్టం దాని వరస, పాతిన కుండ వరస వేరు.

కుండీని వదిలి మనిషి వెళ్లే కథ ఇది. కుండీలే ప్రయాణం కట్టిన కథ ఇంకా పెద్దది. 18వ శతాబ్దపు ఓడలో మంచినీళ్లు మనుషులకే కొలిచి పోసేవాళ్లు, ఇక మొక్కకెక్కడివి? 1720లలో గాబ్రియేల్ ద క్లియూ అనే ఫ్రెంచి అధికారి కాఫీ మొక్కను కరీబియన్‌లోని మార్టినిక్ దీవికి తీసుకెళుతూ, నీళ్లు కరువైతే తన వాటాలోంచే దానికి పోశానని తర్వాత రాసుకున్నాడు. 1787లో సీమపనస మొక్కల కోసం తాహితీకి బయల్దేరిన బౌంటీ ఓడలో పెద్ద గది మొత్తం కుండీలకే ఇచ్చేశారు. నేలంతా సీసపు రేకు పరిచి, కుండీల నుంచి కారిన నీటిని గొట్టాలతో పీపాల్లోకి పట్టి మళ్లీ పోసే ఏర్పాటు చేశారు. వెయ్యికి పైగా మొక్కలు ఎక్కించారు కూడా. 1789లో ఓడలో తిరుగుబాటు లేచి అవన్నీ సముద్రం పాలయ్యాయి.

ఈ చిక్కు విప్పింది నావికుడు కాదు, లండన్‌లో వైద్యం చేసుకునే నాథనియల్ బాగ్‌షా వార్డ్. ఆయనకు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. బొగ్గుపొగ నిండిన ఆయన పేటలో అవి బతికేవి కావు. 1829లో ఒక చిలకపురుగు గూడు ఎలా విప్పుకుంటుందో చూడాలని దాన్ని తడిమట్టితో సహా వెడల్పు మూతి గాజుసీసాలో పెట్టి మూతేశాడు. పగలు మట్టిలోంచి ఆవిరి లేచి గాజుకు పట్టడం, అది నీరై కిందికి జారి మట్టిని తడపడం రోజూ గమనించాడు. కొన్నాళ్లకు మట్టిలోంచి ఒక చిన్న ఫెర్న్, ఒక గడ్డిపోచ తలెత్తాయి. బయట తోటలో వందసార్లు ఓడిపోయిన మొక్క, ఎవరూ నీళ్లు పొయ్యకుండా మూసిన సీసాలో పుట్టింది! ఆ సీసాను కిటికీ బయట పెట్టాడు. దాదాపు నాలుగేళ్లు అవి అలాగే బతికాయి. చివరికి ఆయన ఊళ్లో లేనప్పుడు మూత తుప్పుపట్టి, వాననీళ్లు లోపలికి దిగి చచ్చిపోయాయి. ఊరెళ్లి వచ్చి కుండీ చూసుకున్న మనిషి గుండె కలుక్కుమనడం లండన్‌లోనైనా ఒకటే. ఆ మొక్కలు పోయింది దాహంతో కాదు, నీళ్లు ఎక్కువై.

1833లో వార్డ్ రెండు గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి సిడ్నీకి ఓడెక్కించాడు. నెలల ప్రయాణం తర్వాత అవి పచ్చగా దిగాయి. అవే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలు తిరుగు ఓడలో లండన్ చేరాయి. 1842లో ఆయన దీని మీద పుస్తకం వేశాడు. కొన్నేళ్లకే రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి వేల తేయాకు మొక్కల్ని ఈ పెట్టెల్లోనే హిమాలయాల దిగువకు తరలించాడు. ఊరెళ్లేముందు కుండీకి పల్చని ప్లాస్టిక్ కవరు తొడిగి, నీడన పెట్టి వెళ్లేవాళ్లు చేసేది వార్డ్ పనే. ఎండలో మాత్రం పెట్టకూడదు, మొక్క లోపలే ఉడికిపోతుంది.

మనం లేనప్పుడు కుండీకి నీళ్లందించే ఇంకో దారి గుడ్డ ఒత్తి. ఆ పద్ధతి ఎప్పటిదో చెప్పలేం గానీ, దీపం పెట్టిన ప్రతి ఇంట్లోనూ దాని సూత్రం ఉంది. నూనె ఒత్తిలోకి పైకి పాకినట్టే బకెట్‌లో నీళ్లు గుడ్డపేలికలోంచి కుండీలోకి పాకుతాయి. నేను మొదటిసారి గంజి పోని కొత్త నూలుగుడ్డ చింపి వేశాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే బకెట్‌లో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి, కుండీలో పుదీనా మాత్రం చేత్తో నలిపితే పొడైపోయింది. గంజి పట్టిన గుడ్డకు నీళ్లు పట్టవు. ఇప్పుడు పాత పంచె గుడ్డ రెండుసార్లు ఉతికి, పూర్తిగా తడిపి, ఒక కొస బకెట్ అడుగుకు తగిలేలా, రెండో కొస మట్టిలో రెండంగుళాలు దిగేలా పెడుతున్నాను. బకెట్‌ను కుండీ కంటే కాస్త ఎత్తులో ఉంచితే ధార ఇంకా నిలకడగా వస్తుంది.

డ్రిప్ సంగతి మన రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో సిమ్‌ఖా బ్లాస్ రూపొందించిన గొట్టాలను 1965లో హట్సెరిమ్ అనే కిబ్బుట్జ్‌తో (ఉమ్మడి సేద్యపు ఊరితో) కలిసి తయారీకి తెచ్చారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక రాయలసీమ తోటల్లో ఆ నల్లగొట్టాలు అలవాటైన దృశ్యమయ్యాయి. ఇప్పుడు అవే సన్నబడి, టైమరు తగిలించుకుని మిద్దెతోటలకు ఎక్కాయి. యాభై కుండీలున్నవాళ్లకు అదే దారి. ఐదారు కుండీలకు మాత్రం నేను ముంతనే నమ్ముతాను.

దానికీ ఒక జబ్బుంది. బోరునీళ్లు పోస్తే ఏడాది తిరిగేసరికి ముంత ఒంటి మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఊట తగ్గుతుంది. బయటికి తీసి, ఒక రాత్రి నానబెట్టి, కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. అప్పటికీ ఊరకపోతే కొత్తది పాతాలి.

ఇంకొక్క సంగతి. మూతి తెరిచి వదిలేస్తే వారంలో ముంతలో దోమపిల్లలు ఈదుతాయి. ఫాన్ షెంగ్‌జీ పెంకు కప్పమన్నది ఎందుకో ఆ పుస్తకం చెప్పలేదు గానీ, ఊరెళ్లే రోజు ఆఖరున నేను చేసే పని అదే. కూలిన పాతింటి నుంచి తెచ్చిన బంగాళాపెంకు ముక్క ఒకటి కుండీ పక్కనే ఉంటుంది. ముంత నిండా నీళ్లు పోసి, పెంకు బోర్లించి, తలుపు తాళం వేస్తాను.