‘ఇది బుద్ధుడి ధమ్మం కాదు’: 1959 నాటి వివాదం

విజయదశమి దగ్గరపడుతోందంటే మా టాటానగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక గొడవ రాజుకుంటుంది. నవయానం బౌద్ధమే కాదని, పునర్జన్మను తీసేశాక అందులో మిగిలేది రాజకీయమేనని ఎవరో పెడతారు. మనవాళ్లు ఊరుకోరు. తిట్లు, ‘మనువాది’ అన్న ముద్ర, చివరికి గ్రూపులోంచి తీసేయడం. ఆ మాట అన్నవారు కొన్నిసార్లు పాళీ సుత్తాలు శ్రద్ధగా చదువుకున్న బౌద్ధులే అయి ఉంటారు. నిజానికి ఈ నింద వయసు 60 ఏళ్లు దాటింది. అప్పట్లో ఫోన్లు లేవు కాబట్టి పత్రికల్లో జరిగింది.

మన స్టేషన్‌లో ముంబై మెయిల్ ఎక్కితే నేరుగా చేరే నాగ్‌పూర్‌లోనే 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు. రెండు నెలలు తిరగకుండానే, డిసెంబర్ 6న కన్నుమూశారు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ 1957లో బొంబాయి నుంచి అచ్చయింది. అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూసుకోలేదు, విమర్శకులకు జవాబు చెప్పే అవకాశమూ ఆయనకు లేకపోయింది. 1959లో ఆ విమర్శలు రానే వచ్చాయి. ముందు రంగూన్ పత్రిక ‘లైట్ ఆఫ్ ధమ్మ’ పెదవి విరిచింది. డిసెంబర్‌లో ‘మహాబోధి’లో జీవక అనే పేరుతో రాసే ఒక ఆంగ్లేయ బౌద్ధుడు ఇంకా ఘాటుగా రాశాడు. పుస్తకానికి ‘అంబేద్కర్ - ఆయన ధమ్మం’ అని పేరు పెట్టాల్సిందన్నాడు. ఇది బౌద్ధం పేరుతో నడుస్తున్న సంఘసంస్కరణ అని, ప్రమాదకరమైన గ్రంథమని తేల్చాడు.

‘మహాబోధి’ మన శత్రువుల పత్రిక కాదు. అనగారిక ధర్మపాల 1891లో స్థాపించిన సొసైటీది. 1950 వైశాఖ సంచికలో బాబాసాహెబ్ వ్యాసం ‘బుద్ధుడు, ఆయన మత భవిష్యత్తు’ను వేసిందీ అదే పత్రిక. ఆ వ్యాసంలో ఆయన భిక్ఖుసంఘాన్ని ఏమాత్రం మొహమాటం లేకుండా కడిగేశారు, జనానికి సేవ చేయని సంఘం ఎందుకని నిలదీశారు. ఆ మాటలను వేసిన పత్రికే ఆయన మీద విమర్శనూ వేసింది.

ఆ విమర్శల్లో కొంత న్యాయం ఉంది. ఏ మాట పాళీ గ్రంథాలది, ఏది బాబాసాహెబ్ వ్యాఖ్యానం అన్నది మూలగ్రంథం విడదీసి చూపదు. ఈ లోటును తీర్చినవారు భదంత ఆనంద్ కౌసల్యాయన్. పుస్తకాన్ని హిందీలోకి తెస్తూ, ఒక్కో భాగానికి పాళీ ఆధారం ఎక్కడుందో వెతికి చూపారు. విమర్శకుడి నోరు మూయించాలని చూడలేదు, అతను అడిగినదాన్ని ముందు పెట్టారు. మన ఉద్యమంలో అంతటి జవాబు మరొకటి లేదని మా అభిప్రాయం.

రాజకీయం కోసం రాశారన్న మాట మాత్రం నిలవదు. దాచిపెట్టి రాసేవాడు ముందుమాటలోనే తన అనుమానాలు బయటపెట్టడు. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడివేనా? ఆత్మ లేనప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా? భిక్ఖువు పరిపూర్ణ మానవుడా, సమాజ సేవకుడా? ఈ నాలుగు ప్రశ్నలు వేసి, పాఠకులు కూడా పరిష్కారానికి పూనుకోవాలని కోరారు.

మొదటి ప్రశ్నకు ఆయన జవాబు రోహిణీ నది నీళ్ల తగాదా. శాక్యులు, కోలియులు యుద్ధానికి దిగితే వద్దన్నందుకు సిద్ధార్థుడు దేశం విడిచాడంటారు. అట్టకథల్లో రోహిణి తగాదా బుద్ధుడైన తర్వాత ఆయన తీర్చినది కదా అని ఆక్షేపణ. అది నిజమే. అయితే సుత్తనిపాతంలో అత్తదండ సుత్తం ఉంది. నీళ్లింకిపోతున్న చోట చేపల్లా జనం ఒకరితో ఒకరు కొట్లాడుకోవడం చూసి తనలో భయం పుట్టిందని అక్కడ బుద్ధుడే చెప్పుకుంటాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని 29 ఏళ్లకు గాని చూడలేదన్న కథ కన్నా ఇదే నమ్మబుద్ధేస్తుంది. ఈ సుత్తాన్ని బాబాసాహెబ్ కన్నా ముందే ధర్మానంద్ కోశాంబి ఎత్తిచూపారు.

అసలు చిక్కు మూడో ప్రశ్న దగ్గరుంది. మన తాతలు మలం మోసినా, చచ్చిన గొడ్డును ఈడ్చినా ‘పూర్వజన్మ పాపం’ అన్నారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జీవకతో ఆ మాట ఎవరూ అని ఉండరు. పోయిన జన్మ కర్మ ఈ జన్మ పుట్టుకను నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని బాబాసాహెబ్ తోసిపుచ్చింది అందుకే. ఆయనకు కమ్మం అంటే ఈ లోకంలో నైతిక వ్యవస్థను నిలబెట్టేది.

వచ్చే విజయదశమికి చూళకమ్మవిభంగ సుత్తం మళ్లీ ముందుకొస్తుంది. గర్వి తక్కువ కులంలో పుడతాడని అందులో ఉంది, లేదని బుకాయించి లాభం లేదు. పక్కనే సంయుత్తనికాయంలోని సీవక సుత్తాన్నీ తెరవాలి. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడు అడుగుతాడు. పిత్తం, కఫం, వాతం, రుతువుల మార్పు, ఇతరుల దాడి, ఇలా వరసగా కారణాలు చెప్పి, అన్నిటికీ పూర్వకర్మే మూలమనేవాళ్లది తప్పు అంటాడు బుద్ధుడు.