రెండెకరాలు, ఒక గంట

గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో మధ్య వరసల్లో ఎక్కడైనా కూర్చోండి. మరీ ముందుకెళ్తే వేదిక చివర నిలబడ్డ పాత్రలు సరిగ్గా కనిపించవు. పక్కనే బల్లదీపం వెలుగులో న్యాయనిర్ణేతలు మార్కుల కాగితాలు సర్దుకుంటున్నారు. మీ వెనక రిటైరైన మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్ల మీద వచ్చిన రైతులు. నాటికల పోటీలు నడిచే ఈ పరిషత్తు రోజుల్లో వీళ్లు ఎంత రాత్రయినా కదలరు.

మొదటి నాటిక అయిపోయింది. అమెరికాలో కొడుకు, ఇక్కడ ఒంటరి తండ్రి, చివర్లో జనం వైపు తిరిగి ఒక ఉపన్యాసం. చప్పట్లు బాగానే పడ్డాయి. రెండో దానికి వద్దాం.

మైకులో నాటక సమాజం పేరు, రచయిత, దర్శకుడి పేర్లు చదువుతున్నారు. రచయిత పేరు గుర్తుపెట్టుకోండి. అచ్చు పుస్తకాల్లో ఈ పేరు మీకు దొరక్కపోవచ్చు. ఇప్పటి నాటికలు చాలావరకు జిరాక్సు కాపీలుగా చేతులు మారి, నటుల నోళ్లలోనే బతుకుతున్నాయి.

మూడో గంట మోగి తెర లేచింది.

పెంకుటింటి వసారా, గోడకు దండేసిన ఫొటో. పోయినవాడు కౌలు రైతు. మిరప వేస్తే తామర పురుగు మింగేసింది. ఆ పురుగు పేరు వినగానే వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. 2021లో ఈ జిల్లా తోటలు ఎలా ఎండిపోయాయో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అతని భార్యను పరామర్శించడానికి పొలం యజమాని వచ్చాడు. ఆమెకు వరసకు మావయ్య. రైతు ఆత్మహత్యలకు పరిహారం తేల్చే త్రిసభ్య కమిటీ రేపు విచారణకొస్తుంది. ఆ రెండెకరాలు చనిపోయినవాడే సాగు చేశాడనడానికి కాగితం ముక్క లేదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కుల కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. బతికుండగా అతను అడిగాడు, ఈయన ఒప్పుకోలేదు. రచయిత ఈ చట్టం గురించి ఎవరిచేతా పాఠం చెప్పించలేదు. రెండు మాటల్లో తేల్చేశాడు.

"అమ్మాయ్, డబ్బు సంగతైతే నన్నడుగు. కాగితం ఊసు మాత్రం ఎత్తకు."

"డబ్బొద్దు మావయ్యా. ఆయన మీ పొలం చేశాడని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

మాట్లాడేది ఆయనే అయినా మీరు ఆమె చేతుల్ని చూస్తూ ఉండండి. చాట ముందేసుకుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతోంది. ఆయన మాట పెరిగిన కొద్దీ ఆ వేళ్లు నెమ్మదిస్తున్నాయి. వెనక సంగీతం లేదు. కాయలు చాటలో పడే చప్పుడు చివరి వరసకు వినిపిస్తోంది. కార్డు పదకొండు నెలలకేనని, దానివల్ల భూమి మీద ఎవరికీ హక్కు రాదని ఆయనకూ తెలుసు. తెలిసినా భయం. ఉన్నవి ఆ రెండెకరాలే, పెళ్లి కావలసిన కూతురుంది. ఆ భయం చెప్పుకుంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. జనంలో ఉన్న చిన్న భూస్వాములు తలలు దించుకున్నారు.

నాకు ఈ నాటిక గొప్పదనిపించింది ఇక్కడే. గంట నాటికలో ఒక దుర్మార్గుణ్ణి తయారు చెయ్యడం తేలిక, మూడు డైలాగులు చాలు. తప్పు చేసినవాడికీ అదే గంటలో న్యాయం చెయ్యడానికి రచయితకు దమ్ముండాలి. గొల్లపూడి మారుతీరావు నాటిక 'కళ్ళు'లో గుడ్డివాళ్ల డబ్బుతో చూపు తెచ్చుకున్నవాడు వాళ్లనే మోసం చేస్తాడు. ఏళ్లు గడిచినా ఆ నాటిక మనల్ని వదలకపోవడానికి కారణం, వాడి ఆశ మనకూ తెలిసిన ఆశే కావడం. ఇలాంటి నాటికలకు చోటిచ్చేవి పరిషత్తులే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. అప్పటినుంచి ఎన్నో పరిషత్తులు పుట్టాయి, కొన్ని ఆగిపోయాయి. ఈ కాలపు పల్లెను ఈ కాలంలోనే రాసి, ఆ పల్లె జనం ముందే ఆడి చూపించే చోటు మాత్రం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

మళ్లీ వేదిక వైపు చూడండి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. లేచి చెప్పులేసుకుంటూ, పోతూపోతూ అన్నాడు: "ఈ ఏడు కౌలు మీ తమ్ముడికే ఇచ్చానమ్మా. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు."

తమ్ముడు మొదటినుంచీ స్తంభం పక్కనే ఉన్నాడు. నీళ్లు తెమ్మంటే తెచ్చాడు, కుర్చీ వెయ్యమంటే వేశాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. మీరు అతన్ని అసలు పట్టించుకున్నారా? అక్క ఇప్పుడు అతని వైపు తిరిగింది. తమ్ముడు వంగి చాటలోంచి ఒక కాయ తీసి, అది మంచిదో తాలో చూస్తున్నాడు. తెర.

చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. బయట టీ దగ్గర అప్పుడే గొడవ. "బావ చచ్చిన పొలాన్నే తీసుకుంటాడా!" అని ఒకాయన. "తీసుకోక ఏం చేస్తాడు, పస్తుంటాడా?" అని ఇంకొకాయన. యజమాని మాట ఎవరూ ఎత్తడం లేదు.

రచయిత పక్క వాకిట్లో సెట్టు సామాను వ్యానుకెక్కిస్తున్నాడు. దగ్గరికెళ్లి పలకరించండి. తమ్ముడికి మొదట పెద్ద డైలాగు రాశాననీ, అప్పులన్నీ ఏకరువు పెట్టి ఏడ్చే ఘట్టమనీ, రిహార్సల్లో అది వింటుంటే అక్క ముఖం ఎవరికీ కనిపించలేదనీ, అందుకే కొట్టేశాననీ చెప్తాడు. ఆ ఘట్టానికి అవార్డు వచ్చేదని నటుడు ఇప్పటికీ అలిగే ఉన్నాడట. మళ్లీ ఏ ఊళ్లో ఆడుతున్నారో కనుక్కోండి. ఈసారి తెర లేచినప్పటినుంచీ ఆ స్తంభం పక్కనున్నవాణ్ణే చూడండి.