మన ఆన్సర్ షీట్ మనం చూడటానికి ఎన్నేళ్లు పట్టింది?



ఈసారి కాగితాల చరిత్ర రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

కాలేజీలో చేరిన రోజు నుంచి మన పేరు మీద ఒక ఫైలు మొదలవుతుంది. టీసీ, ఎస్టీ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, మార్కుల మెమోలు, రాసిన ఆన్సర్ షీట్లు. అందులో ఉన్నదంతా మన గురించే. మరి దాన్ని మనం చూడొచ్చా? వేరేవాళ్లు చూడకుండా ఆపొచ్చా? ఈ రెండు ప్రశ్నల మీద మన దేశంలో దాదాపు 40 ఏళ్లు వాదనలు నడిచాయి.

మొదట 1984 సంగతి. మహారాష్ట్ర ఇంటర్, పదో తరగతి బోర్డుకు ఒక రూల్ ఉండేది. మార్కులు సరిగ్గా కూడారో లేదో చూడమని అడగొచ్చు గానీ, ఆన్సర్ షీట్ చూపించమని, మళ్లీ దిద్దమని అడగకూడదు. విద్యార్థులు కోర్టుకెళ్లారు. బొంబాయి హైకోర్టు వాళ్ల వైపు నిలబడి ఆ రూల్ కొట్టేసింది. బోర్డు సుప్రీంకోర్టుకెళ్లింది. 1984లో సుప్రీంకోర్టు బోర్డు మాటే నెగ్గించింది. లక్షల మందికి పేపర్లు చూపిస్తూ కూర్చుంటే పరీక్షలు నడవవు, రిజల్ట్స్‌కు ముగింపు ఉండదు, చదువు విషయాలు నిపుణులకే వదిలేయాలి అని దాని సారాంశం. ఆ తర్వాత 20 ఏళ్లకు పైగా ఎవరు పేపర్ అడిగినా బోర్డులు, యూనివర్సిటీలు ఈ తీర్పే చూపించాయి.

2005లో పరిస్థితి మారింది. ఆ ఏడాది అక్టోబర్ 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ చట్టాన్ని విద్యార్థులు కూడా పట్టుకున్నారు. కలకత్తా యూనివర్సిటీ విద్యార్థి ప్రీతమ్ రూజ్ తన ఆన్సర్ షీట్ చూపించమని దరఖాస్తు పెట్టాడు. యూనివర్సిటీ కుదరదంది. 2008 మార్చిలో కలకత్తా హైకోర్టు చూపించాల్సిందే అంది. 2009 ఫిబ్రవరిలో అదే హైకోర్టు డివిజన్ బెంచ్ కూడా అదే మాట చెప్పింది. సీబీఎస్ఈ పదో తరగతి రాసిన ఆదిత్య బందోపాధ్యాయ కేసు కూడా అక్కడే నడిచింది. ఇవన్నీ కలిపి సుప్రీంకోర్టుకు చేరాయి.

2011 ఆగస్టు 9న తీర్పు వచ్చింది. బోర్డుల వాదన ఏంటంటే, ఈ పేపర్లు మా దగ్గర నమ్మకం మీద ఉన్నాయి, బయట పెట్టలేం అని. కోర్టు ఒప్పుకోలేదు. రాసినవాడి పేపర్ రాసినవాడికే చూపిస్తే పోయే నమ్మకం ఏముంది? దిద్దినవాళ్లు వేసిన మార్కులు కూడా చట్టం చెప్పే 'సమాచారం' కిందికే వస్తాయంది. మరి 1984 తీర్పు సంగతి? అప్పటికి ఈ చట్టం లేదు, ఇప్పుడుంది, దీని ముందు బోర్డు సొంత రూల్స్ నిలబడవు అని తేల్చింది.

అయితే హద్దులు కూడా పెట్టింది. దిద్దినవాళ్ల పేరు, సంతకం కనపడకుండా మూసి ఇస్తారు. చూసే హక్కు వచ్చినంత మాత్రాన మళ్లీ దిద్దించుకునే హక్కు రాదు. ముఖ్యంగా, ఆన్సర్ షీట్లు ఉంచే గడువు దాటాక అడిగితే ఏం లాభం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. మా హాస్టల్లో ఒక అక్క పరీక్ష రాసింది, మెమోలో ఆబ్సెంట్ అని పడింది. ఆఫీసుకెళ్తే రేపు రా, ఎల్లుండి రా అన్నారు. ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు లేరు. తిరిగీ తిరిగీ నెలలు పోయాయి. మనలాంటివాళ్ల విషయంలో గడువు ఎక్కువగా ఇలాగే పోతుంది.

ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి, ఒకటి ముందుకి పడింది. 2018 ఫిబ్రవరిలో సివిల్స్ పరీక్ష కేసులో సుప్రీంకోర్టు, యూపీఎస్సీ అడిగిన ప్రతివాళ్లకూ మార్కులు, పేపర్లు ఇవ్వాల్సిన పని లేదంది. 2019లో కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో మాత్రం, సమాచార హక్కు కింద అడిగితే ఆ చట్టం ఫీజే తీసుకోవాలంది. ఆ సంస్థ సొంత రూల్ ప్రకారం కాపీకి 500 రూపాయలు ఉండేది.

ఇక రెండో ప్రశ్న, ఇంకెవరు చూడకూడదు? ఇది ఆలస్యంగా వచ్చింది. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, 9 మంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పాసయింది. దాని రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, దశలవారీగా అమలవుతోంది. మన వివరాలు ఎవరి దగ్గర ఏమున్నాయో అడిగే హక్కు, తప్పుంటే దిద్దించే హక్కు అందులో ఉన్నాయి.

కానీ మన చుట్టూ ఏం జరుగుతోంది? స్కాలర్‌షిప్ పెండింగ్ లిస్టు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. పేరు, కులం, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ అన్నీ అందులోనే. నాకు తెలిసిన ఒక చోట అలాంటి లిస్టు బయటికొచ్చాక అమ్మాయిలకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మన ఫైలు మనకు ఇవ్వడానికి వంద కారణాలు చెప్పేవాళ్లకు, దాన్ని అందరికీ పంచడానికి ఒక్క కారణం కూడా అక్కర్లేదు.

అమెరికాలో ఈ రెండు ప్రశ్నలకూ 1974లోనే ఒకే చట్టం చేశారు. అంతకుముందు అక్కడ కూడా స్కూళ్లు పిల్లల గురించి రాసుకున్నవి తల్లిదండ్రులకు చూపించేవి కావు, బయటివాళ్లకు మాత్రం అందేవి. చట్టం వచ్చాక, 18 నిండినా, కాలేజీలో చేరినా ఆ హక్కు విద్యార్థిదే. అడిగిన 45 రోజుల్లో చూపించాలి, అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదు, కొన్ని మినహాయింపులున్నాయి. లోటు కూడా ఉంది. విద్యార్థి దీని మీద నేరుగా కాలేజీ మీద దావా వేయలేడని 2002లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. 2023 చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక సెక్షన్ మార్చింది. 'వ్యక్తిగత సమాచారం' అని చెప్పి ఇవ్వకపోవడం ఇప్పుడు తేలికైంది. నకిలీ ఎస్టీ సర్టిఫికెట్లతో సీట్లు తీసుకున్నవాళ్లను మనవాళ్లు ఈ దరఖాస్తులతోనే అడుగుతూ వచ్చారు. నకిలీల సంగతి తేల్చడానికి స్క్రూటినీ కమిటీలు ఉండాలని 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు కూడా మెడికల్ సీటు కోసం తప్పుడు ఎస్టీ సర్టిఫికెట్ పెట్టిన కేసే. కాబట్టి గోప్యత మనల్ని కాపాడాలి, మన సీటు కాజేసినవాళ్లను దాచకూడదు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వొచ్చనే సెక్షన్ ఇంకా చట్టంలో ఉంది. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి.

చివరగా, చేయాల్సినవి. రిజల్ట్ మీద అనుమానం ఉంటే ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగండి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్స్ పట్టుకుంటే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్లో ఇచ్చిన నోటిఫికేషన్ చూపించండి. ఆధార్, అకౌంట్ నంబర్లున్న లిస్టు గ్రూపులో కనిపిస్తే ఫార్వర్డ్ చేయకండి, తీసేయమని పెట్టినవాళ్లనే అడగండి.

1984లో తలుపు మూసిన కోర్టే 2011లో తెరిచింది. మధ్యలో ఒక చట్టం వచ్చింది, దాన్ని వాడిన కొందరు విద్యార్థులు వచ్చారు. మనలో చాలామంది ఇళ్లలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది మనమే. అడగడం కూడా మనతోనే మొదలవ్వాలి.

జోహార్.