అంతస్తుల ఇంట్లో వైఫై: తీగను వదిలి మళ్లీ తీగ దగ్గరికి

తీగలు లేకుండా కంప్యూటర్లను కలపాలన్న ప్రయత్నానికి తొలినాళ్లలో ఎదురైన అడ్డంకి దూరమే కాని గోడ కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నెలకొల్పిన అలోహానెట్, సముద్రం మీదుగా దీవుల మధ్య రేడియో తరంగాలతో సమాచారాన్ని చేరవేసింది. 1985లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, అప్పటిదాకా పరిశ్రమలకూ వైద్య పరికరాలకూ కేటాయించిన కొన్ని పౌనఃపున్య పట్టీలను లైసెన్సు అక్కరలేని రేడియో సంబంధాలకు తెరిచింది. తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే కొలతే పౌనఃపున్యం. ఆ పట్టీలలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ తరువాత వైఫైకి పుట్టినిల్లయింది.

గదిలోకి వచ్చిన తరంగానికి గోడలు కొత్త చిక్కును తెచ్చాయి. గోడలకూ సామానుకూ తగిలి చెదిరిన సంకేతం వేర్వేరు దారుల్లో, కొద్దిపాటి తేడాతో వచ్చి తనతో తానే కలగాపులగమవుతుంది. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌వోలో రేడియో ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ ఓసల్లివన్ బృందం 1990ల తొలినాళ్లలో ఈ చిక్కును ఎదుర్కొని, వేగంగా పోయే ఒక్క ప్రవాహాన్ని నెమ్మదిగా సాగే అనేక పాయలుగా విడగొట్టే మార్గాన్ని రూపొందించి, 1996లో అమెరికా పేటెంటు పొందింది. తీగలేని కంప్యూటర్ సంబంధాలకు 1997లో వెలువడిన 802.11 ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే కాగా, 1999లో వచ్చిన 802.11బీ దాన్ని 11కు పెంచింది. వైఫై అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చిందీ ఆ కాలంలోనే.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. అయితే ఇక్కడి మేడలు ఇనుప చువ్వలల్లి కాంక్రీటు పోసిన స్లాబుల మీద నిలిచినవి. కాంక్రీటు తరంగ శక్తిని పీల్చుకుంటే ఇనుము దాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. పైగా నిటారుగా నిలిపిన యాంటెనా తన శక్తిని చుట్టూ అడ్డంగా పరుస్తుంది కాబట్టి నేరుగా పైకీ కిందికీ చేరేది స్వల్పమే. ఆ తరువాత విరివిగా వాడుకలోకి వచ్చిన 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగాన్ని పెంచినా స్లాబును దాటడంలో మరింత బలహీనమైనది. అందువల్ల కింది వాటాలో పరుగులు తీసే అంతర్జాలం పై వాటాలో చతికిలబడడం యంత్ర లోపం కాదు, పదార్థ ధర్మం.

దీనికి తొలి పరిహారంగా వచ్చిన రిపీటర్, విన్నదాన్నే మళ్లీ పలికే పరికరం. ఒకే రేడియోతో వినడమూ పలకడమూ చేయవలసి రావడంతో వేగం సుమారు సగానికి పడిపోతుంది. పరికరాలు ఒకదానికొకటి అందిస్తూ వల అల్లుకునే మెష్ పద్ధతి 2011లో 802.11ఎస్ పేరుతో ప్రమాణమై, 2016 నుంచి గృహ పరికరాల రూపంలో విరివిగా అంగళ్లకు చేరింది. కాని ఆ వలలోని పరికరాలు కూడా స్లాబు గుండానే మాట్లాడుకోవలసి వస్తే పాత ఇబ్బంది తప్పదు. మెట్ల పక్కగా ఈథర్‌నెట్ కేబులు లాగి, ప్రతి అంతస్తులో దానికొక రేడియో కేంద్రాన్ని తగిలించే పద్ధతి నేటికీ అన్నింటికన్నా నమ్మకమైనది. తీగ అంతస్తులను దాటిస్తే, తరంగం గదులను నింపుతుంది. దశాబ్దాల ప్రయత్నం నేర్పిన ఈ పని విభజనను కొత్త ఇంటికి స్లాబు పోయకముందే గుర్తుచేసుకుని గోడలో ఒక గొట్టం వదిలితే, పై అంతస్తుకు ఆ తరువాత కొరత ఉండదు.