మట్టిమిద్దె నుంచి స్లాబు దాకా – మన పడమటి ప్రాంతపు ఇళ్లు, కచేరీలు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు కోరారు. పి.ఆర్‌.సి. గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అయితే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి సబ్ ట్రెజరీ వరండాలో కూర్చున్నప్పుడల్లా ఒక మాట నా చెవిన పడుతుంటుంది. "గ్రాట్యుటీ అంతా ఇంటికే పెట్టాను, అయినా ఇల్లు కుదరలేదు" అని. ఇంటి మీద డబ్బు పెట్టి పొరపాటు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. అందుచేత మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఇళ్లూ ఆఫీసులూ ఎట్లా ఉండేవో, ఎట్లా మారాయో, ఆ మార్పులో మనం ఏం పోగొట్టుకున్నామో నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

మట్టిమిద్దె

నేను 1950లో గిద్దలూరు తాలూకాలోని ఒక పల్లెలో పుట్టాను. అప్పుడు గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు రెండూ అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లా మారినా మా ఇళ్ల కట్టుబడి మాత్రం రాయలసీమ పద్ధతే.

గోడలు రాయి, బంకమట్టితో రెండడుగుల మందం ఉండేవి. పైన దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన నాపరాళ్లు, వాటిమీద మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఏటా వానలకు ముందు బండ్లతో చవుడు తోలించి మిద్దె మీద పరిచేవారు. చవుడు తడిస్తే ఉబ్బి బిగుసుకొని నీటిని కిందికి దిగనీయదు. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో అడుగు పెట్టలేని వేడి ఉన్నా ఇంట్లో చల్లగా ఉండేది. అంత మందం గోడా, అంత మట్టీ వేడెక్కేసరికి సాయంత్రం అయ్యేది.

ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టేవారు కనుక పక్కలకు కిటికీలు పెట్టే వీలు లేదు. దొంగల భయం కూడా ఉండేది. మరి వెలుతురు ఎట్లా? మిద్దెకే ఒక రంధ్రం విడిచేవారు. దాన్ని గవాక్షి అంటారు, మా పల్లెలో గవాచి అనేవారు. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దానిమీద బండ పెట్టి రావాలి. చిన్నప్పుడు ఆ పని నాది.

గవాచి చిన్నదే అయినా చేసే పని పెద్దది. నేరుగా ఆకాశం నుంచి వచ్చే వెలుతురు పక్క కిటికీ నుంచి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి ఎదురింటి గోడ అడ్డం రాదు. వేడిగాలి, పొయ్యి పొగ పైకి పోయేవి. నట్టింట్లో పడిన ఆ ఎండ బిళ్ల దగ్గరే మా అమ్మ బియ్యం ఏరేది, బట్టలు కుట్టేది. ఎండ బిళ్ల గాదె దగ్గరకు వస్తే బడికి వేళయిందనేది. ఇంట్లో గడియారం లేదు.

తాలూకా కచేరీ

1973లో నేను ఎల్‌.డి.సి.గా చేరిన ఆఫీసు పాత తాలూకా కచేరీ. మద్రాసు రాష్ట్రం నాటి కచేరీలు చాలావరకు ఒకే తీరున ఉండేవి. ముందు పొడుగాటి వసారా, మధ్యలో హాలు, ఒక పక్క తహశీల్దారు గారి గది, ఇంకో పక్క సబ్ ట్రెజరీ, స్ట్రాంగు రూము, అదే ఆవరణలో సబ్ జైలు. పైకప్పు ఎత్తుగా, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాసు టెర్రసు. తాడు లాగితే తెరుచుకునే వెంటిలేటర్లు.

మనమంతా టాటెన్‌హామ్ పద్ధతిలో పెరిగినవాళ్లమే. తపాలు రావడం, పర్సనల్ రిజిస్టరులో ఎక్కడం, నోటు, డ్రాఫ్టు, ఫెయిర్ కాపీ, డిస్పాచి, చివరికి రికార్డు రూము. ఎల్‌.డిస్. ఒక ఏడాది, కె.డిస్. మూడేళ్లు, డి.డిస్. పదేళ్లు, ఆర్‌.డిస్. శాశ్వతం. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. పాత కచేరీలో బల్లలు కూడా ఈ వరుసలోనే ఉండేవి. కాగితం ఎటు నడవాలో గదులూ అటే నడిచేవి. గుమాస్తాలు కిటికీల పక్కన, వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి పడేటట్లు కూర్చునేవారు. అట్లా కూర్చుంటే రాసే చేతి నీడ కాగితం మీద పడదు. రైతు వసారాలో నీడపట్టున నిలబడేవాడు. రికార్డు లోపలి పొడి గదిలో ఉండేది.

అద్దె కొంపలు

కొత్త పరిపాలన వచ్చినప్పుడల్లా ఆఫీసులకు చోటు వెతుక్కోవడం మనకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. మా తరానికి అటువంటి అనుభవం 1985లో వచ్చింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కంభం, కొమరోలు, రాచర్ల, తర్లుపాడు వంటి ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. ప్రజలకు ఆఫీసు దగ్గరైంది, సంతోషమే. కాని భవనాలు ఎక్కడివి? అద్దె ఇళ్లే గతి. పడకగది సెక్షను అయింది, వంటగది రికార్డు రూము అయింది. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక గ్రామ లెక్కలు కూడా మా మీదే పడ్డాయి. వాటి కట్టలు పెట్టడానికే చోటు చాలలేదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో జరిగినది చెప్పాలి. వంటగది గోడకు ఆనించి బీరువాలు పెట్టించినది నేనే. ఆ గోడ వెనక స్నానాల తొట్టి ఉన్న సంగతి చూడలేదు. రెండేళ్లలో చెమ్మ ఎక్కింది. 1991లో మా అటెండరు ఒకరు రిటైరయ్యే సమయానికి ఆయన సర్వీసు రిజిస్టరు తీస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పాత పే బిల్లుల ఆఫీసు కాపీలు వెతికి, ఇంక్రిమెంట్లు ఒక్కొక్కటే తిరిగి నమోదు చేసి, పై ఆఫీసు సర్టిఫికెట్లు తెచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆయన పింఛను లేకుండా గడిపాడు. నన్ను ఎప్పుడు చూసినా "ఏం సార్, నా పుస్తకం ఆరిందా?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వు ముందు తల ఎత్తలేకపోయేవాణ్ణి.

తర్వాత వచ్చిన అధికారి ఒక ఆదివారం మా అందరినీ పిలిచి బల్లలు మార్పించారు. రికార్డు కట్టలు ఎండ, చెమ్మ లేని మధ్య గదిలోకి, గోడకు అడుగు దూరంలో, నేలకు జానెడు ఎత్తున రాతి అరల మీదికి వెళ్లాయి. గుమాస్తాలు కిటికీల దగ్గరకు వచ్చారు. దరఖాస్తులు తీసుకునే బల్ల వరండాలోకి వచ్చింది. రాతి అరలకు, సున్నానికి తప్ప ఖర్చు లేదు. ఆఫీసు బాగుచేయడమంటే కొత్త కుర్చీలు కొనడమనే అనుకునేవాణ్ణి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏది ఎక్కడ ఉండాలి అన్నది ముందు తేలాలని ఆనాడు తెలిసింది.

స్లాబు వేసిన ఇల్లు

ఆఫీసులో చేసిన పొరపాటు కంటే ఇంట్లో చేసినది పెద్దది. 1987లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని మా మట్టిమిద్దె విప్పించాను. ఏటా చవుడు తోలే బాధ, వానకు కారే బాధ పోతాయని ఊరంతా స్లాబులు వేస్తున్న కాలం అది. గోడలు సన్నబడ్డాయి, స్లాబు నాలుగు అంగుళాలు, నేల నున్నగా తయారయింది. గవాచి పెట్టమంటారా అని మేస్త్రీ అడిగితే, "కరెంటు ఉండగా అదెందుకు" అన్నాను.

పక్క గోడలు మునుపటివలెనే పొరుగువారివి. పైన వెలుతురు మూసుకుపోయింది. నట్టింట్లో పట్టపగలు ట్యూబులైటు వేయాల్సి వచ్చింది. కరెంటు పోతే చీకటే. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి పన్నెండు దాకా కక్కేది. అమ్మ చాట తీసుకుని వీధి గడప మీదికి మారింది. ఆమె ఒక్కమాటే అన్నది, "ఇంట్లో పొద్దు కనపడటం లేదు నాయనా" అని. అలవాటవుతుందిలే అన్నాను.

1994లో నట్టిల్లు, వంటిల్లు మధ్య మెట్టు కనపడక పడి ఆమె తుంటి ఎముక విరిగింది. స్లాబుకు ముందు అక్కడ మెట్టు లేదు, నేల ఎత్తు పెంచినప్పుడు నేనే పెట్టించాను.

మరుసటి ఏడు తెలిసిన ఇంజనీరు గారిని తీసుకొచ్చి చూపించాను. దూలం తగలకుండా చోటు గుర్తుపెట్టి, స్లాబులో రెండడుగుల చదరం కోయించి, అంచులకు అదనపు కడ్డీలు వేయించి, చుట్టూ ఆరంగుళాల కట్ట కట్టి, మందపాటి గాజు బిగించాం. గాజు కింద గాలి పోవడానికి పక్కలకు సందులు పెట్టారు. మెట్టు తీసేసి వాలు చేయించాను. స్లాబు పైన సున్నం కొట్టించాను. అమ్మ మంచం ఆ వెలుతురు కిందికి మార్చాం. 1999లో కాలం చేసేదాకా ఆమె అక్కడే ఉంది. చివరి దినాల్లో కూడా గడియారం చూడకుండా వేళ చెప్పేది.

నేటి సంగతులు

మనవాళ్లు మోటని వదిలినదాన్ని లోకం ఇప్పుడు శాస్త్రమని తిరిగి నేర్చుకుంటున్నది. కేరళలో లారీ బేకర్ గారు స్థానిక ఇటుకతో, జాలీ గోడలతో, తక్కువ ఖర్చుతో వెలుతురూ గాలీ ఉన్న ఇళ్లు కట్టి దేశమంతటా పేరు పొందారు. పొడి వేడి ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం నేలలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పింది. పైకప్పులకు వేడిని తిప్పికొట్టే పూతల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మన సున్నం కూడా ఆ పనే చేసేది. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన నాడు–నేడు పథకంలో బడులకు మరమ్మతులు, లైట్లు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు వచ్చాయి. ఒకనాడు పిల్లల చేతిలో ఉన్న మార్కాపురం పలకరాయి, పలకలకు గిరాకీ తగ్గాక నేలలకూ గోడలకూ పరిచే బండగా దేశాలు దాటింది.

చివరగా సభ్యులకు చిన్న మనవి. గ్రాట్యుటీ డబ్బుతో ఇల్లు బాగుచేయించే ముందు ప్రతి గదిలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక గంట చొప్పున కూర్చుని చూడండి. వాస్తు అడిగేవారు అడగండి, కాని ఇంట్లో ఎక్కువసేపు ఉండే పెద్దవారినీ, ఆడవారినీ ముందు అడగండి. గడపలు, మెట్లు తగ్గించండి. స్నానాల గదిలో జారని బండ, పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. మంచం మీద నుంచి చెయ్యి చాస్తే అందేటట్లు స్విచ్చి ఉండాలి. సర్వీసు కాగితాలు, పింఛను పుస్తకం చెమ్మ గోడకు ఆనించి పెట్టవద్దు.

మా ఇంటి పైన గాజు ఇప్పటికి రెండుసార్లు మార్చాం. ఈ వ్యాసం దాని కిందనే కూర్చుని, లైటు వేయకుండా రాశాను.

శెలవు.